పెద్దవారి స్థూలకాయము: తగ్గింపవలసినది, పెంపవలసినది

మా యత్తగారికి ఇప్పుడు 68 ఏండ్లు. మేమీ యింట కోడలుగా అడుగిడిన నాడు ఆమె తెల్లవారకమున్నే లేచి, వాకిట కళ్లాపి చల్లి ముగ్గుపెట్టి, రామాలయమునకు నడచి పోయివచ్చి, మాకంటె ముందుగా పొయ్యి వెలిగించెడివారు. మూడేండ్ల క్రిందట వానకాలమున స్నానాలగదిలో కాలుజారి పడిరి. దైవకృపచే ఎముక విరుగలేదు. కాని ధైర్యము మాత్రము చెదరెను.

ఆనాటినుండి మేమందరము ఆమెను భక్తితో కుర్చీకి కట్టివైచితిమి. కాఫీ కుర్చీకడకే, ఫలహారము కుర్చీకడకే, మందుబిళ్లయు మంచినీళ్లును కుర్చీకడకే. “మీరు కదలకండి, అత్తయ్యగారూ, నేను తెస్తాను” అనుటయే సేవ యని తలంచితిమి. రెండేండ్లు గడచునప్పటికి 66 కిలోలుండిన ఆమె 79 కిలోలైరి.

గత సంవత్సరము వరలక్ష్మీవ్రతమునాడు ఆమె పీటమీద కూర్చుండి కథ వినిరి. అక్షతలు వైచి లేవబోయినప్పుడు లేవలేకపోయిరి. మా వారును మేమును చెరియొక చేయి పట్టి లేపవలసి వచ్చెను. పేరంటాండ్రు చూచుచునే యుండిరి. ఆ రాత్రి ఆమె పడకమీద కూర్చుండి, “ఇక నన్ను క్రింద కూర్చోమనకమ్మా. అమ్మవారికి కుర్చీలోనుంచే దణ్ణం పెట్టుకుంటాను” అని కండ్లు తుడుచుకొనిరి. ఈ వ్యాసము వ్రాయుటకు ఆ రాత్రియే కారణము. మావంటి యిండ్లు అనేకములు గలవనియు, మేము చేసిన తప్పులు మరియొకరు చేయకుండిన మేలనియు తలంచి వ్రాయుచున్నాము.

మేము చేసిన తప్పు

మరునాడే వైద్యునికడకు పోయితిమి. ఆయన మందులు వ్రాసి, “బరువు తగ్గించండి” అని సెలవిచ్చిరి. ఎట్లు తగ్గింపవలెనో ఆయన చెప్పలేదు, మేమును అడుగలేదు. కోడలికి ఇది కత్తిమీది సాము. అత్తగారి కంచములో మెతుకు తగ్గించిన కోడలిని లోకమేమనునో సోదరీమణులకు వేరుగ చెప్పనక్కరలేదు. అయినను సాహసించితిమి. ఉదయము రెండిడ్డెనలు, మధ్యాహ్నము గుప్పెడన్నము, రాత్రి ఒక పండును గ్లాసెడు మజ్జిగయు. పప్పు వాతము చేయునని అదియును మానిపించితిమి. కదలికనుగూర్చి మాత్రము తలంపనైన లేదు.

ఆరు వారములలో 4 కిలోలు తగ్గెను. మేము పొంగిపోయితిమి. ఏడవ వారమున ఆమె పొయ్యిమీది పాలగిన్నె దింపబోయి, చేతులు వణకి, దింపలేక నిలిచిపోయిరి. రాత్రివేళ మరుగుదొడ్డికి పోవుటకు గోడ పట్టుకొనవలసి వచ్చెను. తూకము తగ్గినమాట నిజమే. ఓపిక అంతకంటె ఎక్కువగా తగ్గెను.

అప్పుడొక ఫిజియోథెరపిస్టుకడకు తీసికొనిపోయితిమి. మాకంటె చిన్నపిల్ల. ఆమె మందు మాట యెత్తలేదు, తూకపు మాట యెత్తలేదు. అత్తగారిని చేతులు లేని కుర్చీలో కూర్చుండబెట్టి, చేతులు రెండును రొమ్ముపై కట్టుకొని 30 సెకండ్లలో ఎన్నిమార్లు లేచి కూర్చుండగలరో లెక్కపెట్టెను. నాలుగు మార్లు. 65 మొదలు 69 ఏండ్లలోపు స్త్రీలు 11 మార్లైన లేవలేకున్న బలము చాలదనియు, పడిపోవు భయము కలదనియు లెక్క. అప్పుడామె మాతో నన్న మాట మరువరానిది: “అమ్మా, మీరు తగ్గించిన నాలుగు కిలోలలో కొవ్వొక్కటే పోలేదు. కండ కూడా పోయింది. కొవ్వు మళ్ళీ తొందరగా వస్తుంది. కండ ఊరికే రాదు.”

కొలత యెట్లు?

స్థూలకాయమును కొలుచుటకు వైద్యులు వాడు సూత్రము మిక్కిలి పాతది. బెల్జియముదేశపు గణితజ్ఞుడు అడాల్ఫ్ కెట్లే 1830 ప్రాంతములలో కనిపెట్టినది. కిలోలలో బరువును, మీటర్లలో పొడవును పొడవుచేతనే హెచ్చించిన లబ్ధముచే భాగింపవలెను. దీనికి బాడీ మాస్ ఇండెక్సు అను పేరు 1972లో ఆన్సెల్ కీస్ అను నమెరికా శాస్త్రజ్ఞుడు పెట్టినాడు. మా యత్తగారి పొడవు ఒకటిన్నర మీటరు. ఒకటిన్నరను ఒకటిన్నరచే హెచ్చించిన 2.25. దానిచే 79ని భాగించిన 35 పైచిలుకు వచ్చును. లోకమంతట 30 దాటిన స్థౌల్యమందురు. మన దేశీయులకు తక్కువ బరువుననే మధుమేహము మొదలైనవి వచ్చుటచే, ఇచ్చటి వైద్యులు 25నే హద్దుగా గ్రహించుచున్నారు. నడుము చుట్టుకొలత స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు.

2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో ఈ యంకె 25కు చేరినవారు ఆంధ్రప్రదేశమున నూటికి 36 మంది, తెలంగాణమున 30 మంది యని తేలెను. వారందరును రేపటి అత్తగార్లే గదా!

అయితే పెద్దవారి విషయమున ఈ యంకె నొక్కదానినే నమ్మరాదు. వయసుతో వెన్ను వంగి పొడవు తగ్గును. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. తూకపుయంత్రము కండను కొవ్వును వేరుచేసి చెప్పలేదు.

చాటుగా కరగు కండ

నడివయసు దాటిన పిమ్మట మన శరీరమున కండ యేటేట కొంచెము కొంచెముగ తరుగును. బలము అంతకంటె వేగముగ తరుగును. దీనికి 1989లో ఇర్విన్ రోసెన్‌బర్గ్ అను నమెరికా వైద్యుడు సార్కోపీనియా యని పేరు పెట్టెను. గ్రీకు భాషలో మాంసహాని యని దాని యర్థము. బక్కచిక్కినవారిలో ఇది కంటికి కనబడును. లావైనవారిలో కొవ్వు దానిని కప్పిపుచ్చును. చేయి చూచిన నిండుగ నుండును, పట్టు చూచిన నుండదు. ఇట్టి దేహమునకు భారమెక్కువ, మోయు బలము తక్కువ. బండి పెద్దది, ఎద్దులు బక్కవి.

కూర్చుండబెట్టుట యెంత చెరుపో తెలిసికొనుటకు ఒక నిదర్శనము చాలును. అమెరికాలో 12 మంది ఆరోగ్యవంతులైన వృద్ధులను 10 దినములు మంచముమీదనే యుంచి చూచి, ఆ ఫలితమును 2007లో ప్రకటించిరి. పది దినములలో కాళ్ల కండ సుమారొక కిలో పోయెను. వారు రోగులు కారు. ఊరక పడుకొనియుండిరి, అంతే. మేము మా యత్తగారిని రెండేండ్లు కుర్చీలో కూర్చుండబెట్టితిమి!

ప్రాచీనుల మాట

మా తండ్రిగారు మాకు కావ్యములతోపాటు కొంత వైద్యగ్రంథ పరిచయమును కూడ చేయించియుండిరి. చరకసంహిత సూత్రస్థానమున 21వ అధ్యాయమున నిందితములైన ఎనిమిది విధముల దేహములు చెప్పబడినవి. వానిలో అతిస్థూలము, అతికృశము ముఖ్యములు. స్థూలునికి ఆయుర్దాయము తగ్గుట, చురుకుదనము లేమి, బలహీనత, అతిస్వేదము, అతిక్షుత్తు, అతితృష్ణ మున్నగు నెనిమిది దోషములు చెప్పి, కృశుని బాగుచేయుటకంటె స్థూలుని బాగుచేయుట కష్టమని చరకాచార్యుడు నిర్ణయించెను. లావైనవాడు బలవంతుడను భ్రమ ఆయనకు లేదు. బలహీనతను స్థౌల్యదోషములలోనే చేర్చెను.

ఈ మాటలు మేము చెప్పగా మా యత్తగారు ఊరకుండలేదు. ఆమెయు పండితుల యింటి యాడుబడుచే. “వాగ్భటుడు ముసలివాళ్ళకు వ్యాయామం వద్దన్నాడు కదమ్మా” అని ప్రశ్నించిరి. నిజమే. అష్టాంగహృదయమున దినచర్యాధ్యాయమున బాలురును, వృద్ధులును, అజీర్ణరోగులును వ్యాయామము మానవలెనని యున్నది. మేము నిరుత్తరులమైతిమి. తరువాత యోచింపగా నొకటి తోచెను. అచ్చటనే బలవంతులు సైతము తమ శక్తిలో సగము మాత్రమే వినియోగింపవలెనని చెప్పబడెను. కావున ఆ నిషేధము ఆయాసము మీరు కసరత్తునుగూర్చి యని మేము గ్రహించుచున్నాము. చరకుడు వ్యాయామమును నిర్వచించుచు, దేహమునకు స్థైర్యమును బలమును గూర్చు చేష్ట యనియు, మాత్ర యెరిగి చేయవలెననియు చెప్పెను. స్థైర్యము, బలము, మాత్ర: వృద్ధులకు కావలసినవి ఈ మూడే. అయినను శాస్త్రవాక్యమునకు సమాధానము ఊహచే చెప్పరాదు, ప్రత్యక్షముచే చెప్పవలెను. ఆ ప్రత్యక్షము దొరకినది.

తొంబదియేండ్లవారి కసరత్తు

అమెరికాలో బోస్టను నగరమున వృద్ధులకై హీబ్రూ పునరావాస కేంద్రము కలదు. అచ్చట మరియా ఫియటరోనే యను వైద్యురాలు, 90 ఏండ్ల ప్రాయమున నున్న 10 మంది దుర్బలులచే 8 వారములు కాళ్లతో బరువులెత్తు సాధన చేయించి, 1990లో ఫలితములను ప్రకటించిరి. కాళ్ల బలము సగటున నూటికి 174 వంతులు హెచ్చెను; అనగా రెండింతలకు మించెను. తొడకండ నూటికి 9 వంతులు పెరిగెను. సాధన మానిన నాలుగు వారములలో నూటికి 32 వంతుల బలము తిరిగి పోయెను. కండ యే వయసుననైన పెరుగుననియు, మానినచో నిలువదనియు రెండును దీనివలన తేలినవి.

1994లో ఆమెయే, సగటున 87 ఏండ్లుగల 100 మందిపై మరల పరీక్షించిరి. కొందరికి సాధనయు, కొందరికి పోషకపానీయమును, కొందరికి రెండును ఇచ్చిరి. సాధన చేసినవారి బలము రెండింతలు దాటెను. సాధన లేక పానీయము మాత్రము త్రాగినవారికి బలము చేకూరలేదు. బలమునకై పెద్దలకు డబ్బాలకొలది పొడులు కొనిపెట్టు బిడ్డలు ఈ విషయమును గమనింతురు గాక.

ఇక స్థూలకాయుల మాట. 2011లో డెనిస్ విలారియల్ అను వైద్యుడు సెయింట్ లూయిస్ నగరమున 65 ఏండ్లు దాటిన 107 మంది స్థూలకాయులను నాలుగు తెగలుగ విభజించి, సంవత్సరకాలము పరిశీలించిన వృత్తాంతము వెలువడెను. ఒక తెగకు ఆహారనియమము మాత్రమే, ఒక తెగకు సాధన మాత్రమే, ఒక తెగకు రెండును, ఒక తెగకు ఏదియు లేదు. ఆహారము తగ్గించిన రెండు తెగలకును బరువు నూటికి 10, 9 వంతులు తగ్గెను. సాధన మాత్రమే చేసినవారికి బరువు తగ్గలేదు. కాని లేచుట, నడచుట, మెట్లెక్కుట మొదలగు పనులలో నేర్పు ఆహారనియమముచే నూటికి 12 వంతులు, సాధనచే 15 వంతులు, రెండును కలిసినచో 21 వంతులు హెచ్చెను. ఆహారనియమము మాత్రమే పాటించినవారికి కొవ్వు గాక తక్కిన దేహము 5 వంతులు పోగా, రెండును చేసినవారికి 3 వంతులే పోయెను. తుంటియెముక సాంద్రత కూడ ముందువారికి 2.6 వంతులు తరుగగా, వెనుకవారికి 1.1 వంతు మాత్రమే తరిగెను.

మేము మా యింట చేసినది మొదటి తెగ పని. అదియును పప్పు మానిపించి మరింత చెడగొట్టితిమి. ఆయనయే 2017లో 160 మందిపై జరిపిన మరియొక పరీక్షలో నడక వంటి సాధనకంటె, బరువులెత్తు సాధనకంటె, రెండును కలిపిన సాధనయే పెద్దవారికి మిక్కిలి మేలుచేసెనని తెలియవచ్చెను.

మోకాళ్ల నొప్పులవారికి ఒక శుభవార్త. బరువు ఒక కిలో తగ్గిన ప్రతి యడుగునను మోకాలిపై బడు భారము నాలుగు కిలోలు తగ్గునని 2005లో స్టీఫెన్ మెస్సియర్ బృందము కొలిచి చూపెను. 2013లో ఆ బృందమే 454 మందిని ఒకటిన్నర సంవత్సరము పరిశీలింపగా, ఆహారనియమము సాధన రెండును పాటించినవారికి సగటున 10.6 కిలోలు తగ్గి, నొప్పి సగమునకు వచ్చెను.

పునరావాస చికిత్స యననేమి?

ఆంగ్లమున రిహాబిలిటేషను అనుదానిని మనవారు పునరావాసమనుచున్నారు. వరదలో ఇల్లు పోయినవారికి మరల నిలువ నీడ చూపుటకును ఇదే మాట వాడుదురు. పెద్దవారికిని అట్టిదే. తాము ఏలిన దేహమునుండి, తాము తిరిగిన వంటయింటినుండి, తాము కూర్చుండిన పీటమీదినుండి వెడలగొట్టబడినవారిని మరల అచ్చటికి చేర్చుటయే యీ చికిత్స. కావున “ఎన్ని కిలోలు తగ్గవలెను?” అనుట మొదటి ప్రశ్న కాదు. “మీరు ఏ పని మరల చేసికొనదలచితిరి?” అనునది మొదటి ప్రశ్న. ఆ ఫిజియోథెరపిస్టు అట్లే యడిగెను. మా యత్తగారు తడువుకొనక, “పీటమీద కూర్చుని నా అంతట నేనే లేవాలి” అనిరి. ఆ కాగితముపై పైవరుసలో అదియే వ్రాయబడెను.

2010లో ఆరంభమైన వృద్ధుల జాతీయ ఆరోగ్యపథకము క్రింద జిల్లా ఆసుపత్రులలో పెద్దలకై ప్రత్యేక విభాగములును, ఫిజియోథెరపీయు నేర్పరుపబడినవి. సోదరీమణులు తమ జిల్లాలో విచారించి చూతురు గాక.

మా యింటి సాధన

దీనికి యంత్రములు కొనవలసిన పని లేకపోయెను. వారమునకు మూడు దినములు, దినము విడిచి దినము, బలసాధన, ప్రతిదినము నడక.

మొదటిది కుర్చీ లేపు. గోడకానించిన గట్టి కుర్చీపై రెండు దిండ్లు వైచి ఎత్తుచేసి, చేతులూనక లేచి మెల్లగా కూర్చుండుట. ఐదేసి మార్లు, రెండు విడతలు. అలవాటైనకొలది ఒక్కొక్క దిండు తీసివైచితిమి.

రెండవది మడమలెత్తుట. వంటయింటి గట్టు పట్టుకొని, మునివ్రేళ్లపై లేచి దిగుట, పదిమార్లు.

మూడవది కాలి బరువు. పాత జాకెట్టుగుడ్డతో సంచి కుట్టి, అరకిలో పెసలు పోసి, చీలమండకు కట్టి, కుర్చీలో కూర్చుండి కాలు చాచుట. ఎత్తుచున్నది పన్నెండు మార్లకు చాలనిపించిన, అది సరియైన బరువు. పన్నెండు మార్లును తేలికయైన, మరికొంత పోయవలెను. అరకిలోతో మొదలుపెట్టిన ఆమె ఇప్పుడు రెండు కిలోలెత్తుచున్నారు. బరువు పెంపకున్న బలము పెరుగదు, ఇది ముఖ్యసూత్రము.

నాలుగవది గోడను త్రోయుట. చేతులు గోడకానించి, మోచేతులు వంచి, మరల వెనుకకు నెట్టుకొనుట.

ఐదవది తూకము నిలుపుట. గట్టు పట్టుకొని ఒక పాదము ముందర మరియొక పాదముంచి పది సెకండ్లు నిలుచుట. పిమ్మట ఒక్క వ్రేలు మాత్రమే ఆనించి నిలుచుట. పడిపోకుండ కాపాడునది ఇదియే.

నడక తొలుత తులసికోటచుట్టు ఐదు నిమిషములు, దినమునకు మూడుమార్లు. నెలనెలకు పెంచి అరగంటకు చేర్చితిమి. నడచునప్పుడు మాటలాడ గలుగవలెను, పాట పాడలేకుండవలెను. అది తగిన వేగము. వారమునకు మొత్తము 150 నిమిషములైన నడువవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించెను.

మూడు నెలలు గడచిన పిమ్మటనే నేలమీదినుండి లేచుట నేర్పిరి. ప్రక్కకొరిగి, చేతులు మోకాళ్లపై పొర్లి, ముందున్న ముక్కాలిపీట పట్టుకొని, బలమైన కాలిని ముందునకు మడచి పెట్టి లేచుట. ఇది రెండు నెలలు పట్టెను. నడుమ నొకనాడు ఆమె కోపించి సంచి విసరికొట్టిరి. పెసలు గదియంతయు చెల్లాచెదరైనవి. ఏరి మరల కుట్టితిమి.

ఊపిరి బిగబట్టరాదు. రొమ్మున నొప్పి, కండ్లు తిరుగుట, మితిమీరిన ఆయాసము తోచిన వెంటనే మాని వైద్యునికి చెప్పవలెను. స్నానాలగదిలో గోడకు పట్టుకొను కడ్డీ బిగించి, జారని చాప పరిచితిమి. భయము పోవుటకు సగము సాధన, సగము ఆ కడ్డీ.

కంచము సంగతి

ఆకలితో మాడ్చుట చికిత్స కాదు. కోత స్వల్పముగ నుండవలెను. మాంసకృత్తులలో కోత అసలే యుండరాదు. పెద్దవారు బరువు తగ్గునప్పుడు దేహపు బరువులో కిలో ఒక్కింటికి సుమారొక గ్రాము మాంసకృత్తులు కావలెను. సెయింట్ లూయిస్ పరీక్షలోను ఇంతయే యిచ్చిరి. మా యింట శాకాహారము. ఉదయము 50 గ్రాముల పెసలతో పెసరట్టు వేసిన 12 గ్రాములు వచ్చును. రెండుపూటల గట్టిపప్పు, పూటకు 30 గ్రాముల పప్పుచొప్పున, 14 గ్రాములు. సాయంకాలము జంతికలకు మారుగా 40 గ్రాముల సెనగల గుగ్గిళ్లు, 8 గ్రాములు. పాలు, పెరుగు కలిసి 400 మిల్లీలీటర్లు, 13 గ్రాములు. అన్నము, జొన్నరొట్టె, కూరలనుండి వచ్చునది చేర్చిన 60 దాటును. గ్రుడ్డు తినువారికి ఒక్కొక్కదానికి 6 గ్రాములు సులభముగ లభించును.

కోసినది దేనిని? దినమునకు నాలుగు కాఫీలలో రెండేసి చెంచాల పంచదార యుండెడిది. అది యొక్కటియే సుమారు 160 కెలోరీలు. వేపుళ్లు మాని పులుసు, కూటు, పచ్చడి చేసితిమి. నెయ్యి మానిపింపలేదు; ధారగ పోయుట మాని చెంచాతో కొలిచితిమి. అన్నము సగము చేసి, ఆ చోట సొరకాయ, బీరకాయ, తోటకూర నింపితిమి. ముందు కూర, పప్పు తిని పిమ్మట అన్నము కలుపుకొనవలె నను నియమము పెట్టితిమి. కంచము నిండుగనే యుండెను. చరకుడు స్థూలునికి గురువై, తర్పణము కాని యాహారము, అనగా కడుపు నింపియు లావు చేయనిది, పెట్టుమనెను. ఉలవలు, పెసలు, మజ్జిగ ఆయన చెప్పినవే. మా హైదరాబాదు పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన సూచనలలోను ధాన్యములు తగ్గించి పప్పులు, కూరలు హెచ్చింపుమనియే యున్నది.

హెచ్చరికలు

వైద్యుని సమ్మతి లేక దేనిని మొదలుపెట్టరాదు. మధుమేహమునకు ఇన్సులిను గాని, గ్లిమిపిరైడు వంటి బిళ్లలుగాని వాడువారు తిండి తగ్గించి కదలిక పెంచిన, రక్తమున చక్కెర హఠాత్తుగ పడిపోవచ్చును. మందు మోతాదు వైద్యుడు మార్చవలెను. రక్తపుపోటు మందులును అట్లే. మూత్రపిండవ్యాధి గలవారికి మాంసకృత్తులకు హద్దు కలదు. థైరాయిడు పరీక్ష చేయింపవలెను. ఎముకకై కాల్షియము, డి విటమినుల సంగతి యడుగవలెను. ప్రయత్నింపకయే బరువు తగ్గుచున్నచో అది సంతోషింపదగినది కాదు, వ్యాధిచిహ్నము. డెబ్బదేండ్లు దాటి, కొంచెము లావుగనుండి, తమ పనులు తాము చేసికొను పెద్దలను బరువు తగ్గుమని వేధింపరాదు. వారికి బలసాధన చాలును.

2025లో మన దేశమున మౌంజారో, వెగోవీ యను సూదిమందులు అంగళ్లకు వచ్చినవి. వానిచే ఆకలి మందగించి బరువు బాగుగ తగ్గుననుట సత్యమే. కాని తగ్గినదానిలో కండయు కొంత యుండును. కావున ఆ మందు వాడు పెద్దలకు పప్పును పెసలసంచియు మరింత అవసరమని గ్రహింపవలెను.

తుదిమాట

ఈ చికిత్సలో కష్టమైనది బరువులెత్తుట కాదు. ఇంటివారు చేతులు ముడుచుకొని చూచుట. అత్తగారు వణకుచు లేచుచుండగా పరుగిడి పట్టుకొనకుండుట కోడలికి కఠినము. చూచువారు నిందింతురు. మా పొరుగింటి యామె ఒకనాడు “ఈ వయసులో ఆవిడచేత పనులు చేయిస్తున్నావా?” అని వాకిట నిలిచి యడిగెను. మేము బదులు పలుకకమున్నే లోపలినుండి అత్తగారు, “అది చేయించడం లేదమ్మా, నేనే చేస్తున్నాను” అనిరి. మాకు వేరొక సాక్ష్యమక్కరలేదు. అందులకే యీ పనిలో పెద్దవారి సమ్మతి ముందు, కోరిక ముందు. మన యాజ్ఞ పనికిరాదు. వారి కంచము మార్చునప్పుడు ఇంటిల్లిపాది కంచమును మార్చవలెను. మా యింట అందరమును ఆ గుగ్గిళ్లే తినుచున్నాము. మా వారును మూడు కిలోలు తగ్గిరి.

ఇప్పుడు అత్తగారు 72 కిలోలున్నారు. సన్నబడిరని యెవరును అనరు. 30 సెకండ్లలో 11 మార్లు లేచుచున్నారు. పాలగిన్నె తామే దింపుచున్నారు. రామాలయమునకు శనివారములు నడచి పోవుచున్నారు, చేతికఱ్ఱతో.

ఈ సంవత్సరము వరలక్ష్మీవ్రతమునాడు ఆమె పీటమీదనే కూర్చుండిరి. కథ ముగిసెను. అక్షతలు వైచి, ప్రక్కనున్న ముక్కాలిపీటపై చేయి మోపిరి. అలవాటుచొప్పున మేము చేయి చాచితిమి. ఆమె దానిని పట్టుకొనలేదు. లేచి నిలిచి, చీర సవరించుకొని, “చూస్తూ నిలబడ్డావేమిటమ్మా? పేరంటాళ్ళకు తాంబూలాలు ఇయ్యి” అనిరి.